బీరపువ్వు విచ్చుకునేంతసేపు

గుంపులో చేరిన రోజున తన గురించి రెండు ముక్కలు రాయమంటే, "నేను పళ్ళ డాక్టర్ని. మా బాల్కనీలో పుదీనా ఎందుకు చచ్చిపోతోందో చెప్పండి" అని రాసిందామె. పుదీనా సంగతి ఎవరికీ పట్టలేదు. తెల్లారేసరికి మాత్రం జామకాయలు పిందెల్లోనే రాలిపోతున్నాయని ఒకరు, బొప్పాయికి మచ్చలొచ్చాయని ఒకరు, నిమ్మచెట్టు పూస్తోంది గాని కాయడం లేదని ఇంకొకరు ఫోటోలతో సహా ఆమె మీద పడ్డారు. తను చూసేది నోట్లో పళ్ళని, చెట్టు మీద పళ్ళని కాదని ఆమె మొత్తుకునేసరికి గుంపు గుంపంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులు చూసే ఆమె అక్కడ ఉండిపోయింది. పేరూ అలాగే ఉండిపోయింది: పళ్ళ డాక్టరమ్మ.

మిద్దెల మీద, బాల్కనీల్లో, కిటికీ అంచుల మీద మొక్కలు పెంచుకునేవాళ్ళ ఆన్‌లైన్ గుంపు అది. ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు గాని ఒకరి వంకాయలు ఒకరికి బాగా తెలుసు. దాన్ని మొదలుపెట్టినాయన ఒక ప్రెస్సు యజమాని. ఆయన్ని అందరూ తోటన్న అంటారు. కాస్త నెమ్మదస్తుడు.

ఆ ఏడు ఎండలకి మొక్కలతోపాటు గుంపు కూడా వాడిపోయింది. ఎవరూ ఫోటోలు పెట్టడం లేదు. సందేహాలు అడగడం లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు శుభోదయం బొమ్మ పెట్టడం, దానికి ఇంకొకరు దణ్ణం బొమ్మ పెట్టడం, అంతే. చూసి చూసి విసుగెత్తి, ఒక మధ్యాహ్నం క్లినిక్కులో ఒక పేషెంటు వెళ్ళి ఇంకో పేషెంటు కుర్చీ ఎక్కేలోపు డాక్టరమ్మ ఒక మాట పెట్టేసింది: "మన సినిమాలు మనమే తీసుకుని, ఒక ఆదివారం అందరం ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఒకేసారి చూద్దామా? ఫోనుతో తీసినా చాలు. సినిమా ఐదు నిమిషాలు దాటకూడదు. మొక్క మాత్రం మీదే అయి ఉండాలి."

పంటి పని ముగించి చేతి తొడుగులు తీసి చూసేసరికి ఫోను నిండిపోయి ఉంది.

"నాకు కెమెరా కదలకుండా పట్టుకోవడం రాదమ్మా" అని ఒకావిడ.

"గోడకి ఆనించండి. గోడ కదలదు" అని డాక్టరమ్మ.

"మా ఆయన్ని హీరోగా పెట్టొచ్చా?"

"మొక్కని మించిపోకపోతే పెట్టొచ్చు."

ఇక చూడండి, గుంపుకి ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కటే సినిమాలు రావడం మొదలైంది. పేషెంటుకి మత్తు ఎక్కేలోపు ఒకటి, దవడ అచ్చు గట్టిపడేలోపు ఒకటి చూసేది డాక్టరమ్మ. చూసింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆమెకి తోచదు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి చెప్పేది.

"బస్సు డ్రైవరొకాయన ఉన్నాడండీ, ఆయన టమాటాలని ఉడత ఎత్తుకెళ్ళడం సినిమా తీశాడు. వెనకాల సంగీతం కూడా తనే నోటితో కొట్టాడు. ఎంత బాగుందో! అసలు మీరేమంటారు, జనం చూస్తారా?"

"ఆఁ" అనేవాడు పేషెంటు, అంతకుమించి అనే వీలు లేక.

"చూశారా, మీరూ ఒప్పుకున్నారు."

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా ముళ్ళవంకాయ గారి సినిమా వచ్చింది.

ముళ్ళవంకాయ అన్నది ఆయన తనకు తాను పెట్టుకున్న పేరే. రిటైరైన లెక్కల మాస్టారు. ఎవరేం రాసినా తప్పు పట్టేవాడు. అలిగి గుంపులోంచి వెళ్ళిపోయేవాడు, మర్నాడు ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చేవాడు. ఆయన పంపిన సినిమా దాదాపు ముప్పావుగంట ఉంది. సాయంకాలం మిద్దె మీద ఒక బీరపాదు. దాని మీద ఒక మొగ్గ. కెమెరా ఇటు జరగదు, అటు జరగదు. మొగ్గ అలా ఉండి ఉండి, ఉండి ఉండి, చిట్టచివర్న పసుప్పచ్చగా విచ్చుకుంటుంది. అంతే సినిమా.

తోటన్న ఫోను చేశాడు. "చెల్లమ్మా, ఇది వేయలేం. అందరికీ ఐదు నిమిషాలని చెప్పి ఈయనకి మాత్రం పెద్దపీట వేస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? తగ్గించమని నేనడిగాను. 'ఒక్క క్షణం కోసినా నేనూ ఉండను, నా సినిమా కూడా ఉండదు' అన్నాడు."

"నేను మాట్లాడతానన్నయ్యా."

"మాట్లాడు. నా వల్ల కాదు. ఆయనతో మాట్లాడితే నాకు మూడో తరగతి గుర్తొస్తోంది."

ఆ సాయంత్రం క్లినిక్కు మూసి, అదే కుర్చీలో కూర్చుని ఆమె మాస్టారికి వీడియో కాల్ చేసింది. తెర మీద ముందు ఆయన నుదురు, తర్వాత పంకా, చివరికి ఎలాగో మొత్తం మొహం కనిపించాయి.

"కత్తిరించమని చెప్పడానికేగా ఫోను?" అన్నాడాయన, నమస్కారం కూడా లేకుండా.

"కాదు మాస్టారూ. అంతసేపు ఎందుకు తీశారో అడగడానికి."

ఆయన ఆ ప్రశ్న ఊహించినట్టు లేదు. లేచి పక్కగది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఆ గింజ మా ఆవిడ పెట్టింది. రెండాకులు కూడా రాకముందే మెట్ల మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు మంచం దిగడానికి లేదు, ఇక మిద్దె ఎక్కడమెక్కడ? మొలకొచ్చిందా, తీగ పాకిందా అని రోజూ నన్ను చంపుకు తింటోంది. మొదటి మొగ్గ రాగానే తీశాను."

"మరి చూపించారా?"

"చూపించబోయాను. 'ఇంత చిన్న ఫోనులో మీరూ నేనూ గుడ్లప్పగించుకుని చూడ్డమేంటి, సినిమా అన్నాక నలుగురితో కలిసి చూడాలి' అంది. అందుకే మీకు పంపాను. ఇక కోయడమంటారా, ముక్కలు కోసి అతికిస్తే తను నమ్మదమ్మా. ఏదో మాయ చేశారంటుంది. నా సంగతి తనకి బాగా తెలుసు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి అన్నం తింటున్నంతసేపూ అదే ఆలోచన. కంచం కడుగుతుంటే తట్టింది. చెయ్యి తుడుచుకోకుండానే మళ్ళీ ఫోను చేసింది.

"మాస్టారూ, కోయను. ఆపుతానంతే. ఒక్కో సినిమా అయ్యాక, రెండోది మొదలయ్యేలోపు విరామం ఉంటుంది కదా? ఆ విరామాల్లో మీ మొగ్గ. ఎక్కడ ఆపానో మళ్ళీ అక్కణ్ణించే మొదలు. ఒక్క క్షణం కూడా పోదు."

"అంటే, మధ్యలో వేరేవాళ్ళ టమాటాలు వస్తాయన్నమాట."

"వస్తాయి."

"సరే" అన్నాడాయన. "కాని విచ్చుకోవడం అన్నిటికంటే చివర్న రావాలి. తర్వాత ఎవరి సినిమా ఉండకూడదు."

తోటన్న ఈ ఏర్పాటు విని, "ఇదేదో బాగానే ఉంది, విరామానికి కాలపరిమితి మనం పెట్టలేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సినిమా పండగంటే ఇంటికి జనం వస్తారేమోనని డాక్టరమ్మ అత్తగారు పొద్దున్నే ముందుగది కడిగించింది. ఎవరూ రారని, ఎవరికీ మనం కనపడమని కోడలు ఎంత చెప్పినా వినక మంచి చీర కట్టుకుని టీవీ ఎదురుగా కూర్చుంది. మొగుడు ఆఫీసు లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, "తీగ తన్నకండి, మొత్తం ఆరిపోతుంది" అని అందరినీ హడలెత్తించి, తనే రెండుసార్లు తన్నాడు.

మొదటి సినిమా బాగా పోయింది. దాని వెనకే మాస్టారి మొగ్గ. జనం కాస్త తికమకపడ్డారు. రెండో సినిమా తర్వాత మళ్ళీ అదే మొగ్గ. "ఇది ఇందాకటిదేగా?" అని ఒకరు తెర అంచున రాశారు. "ఇందాకటికంటే కాస్త ఉబ్బింది" అని ఇంకొకరు. మూడోసారికి ఎప్పుడు విచ్చుకుంటుందోనని పందేలు మొదలయ్యాయి.

అప్పుడు వినిపించింది ఒక ఆడగొంతు, గదంతా మారుమోగేలా.

"ఏమండీ! ఆ వెనకాల తాడు మీదున్నది నా నీలంచీర కాదూ? నేను పడ్డరోజు ఆరేసింది! ఇంకా అక్కడే ఉందా?"

"కెమెరాకి వెనకాల నీలం ఉంటే బాగుంటుందని..." అని మాస్టారి గొంతు.

"అబద్ధాలాడకండి, అంతమంది వింటుంటే."

"ఎవరూ వినరు. మన మైకు మూసే ఉంది."

తెర మీద అక్షరాలు వరద కట్టాయి: "మాస్టారూ, వింటున్నాం." "శుభ్రంగా వింటున్నాం." "చీర తీసేశారా?"

డాక్టరమ్మ మాస్టారి మైకు ఆపే మీట మీద వేలు పెట్టబోతుంటే అత్తగారు చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఉండవే అమ్మాయ్, ఆవిడని మాట్లాడనీ. పువ్వుకంటే ఇదే బాగుంది."

అక్కణ్ణించి ఆ ఆదివారమంతా మాస్టారి భార్యదే. దొండపాదు చూసి "పందిరి బాగా వేశాడు, ఎవరి పిల్లాడో" అంది. మందారాల సినిమా చూసి "ఇంత మంచి పూలకి ఆ ఏడుపు పాటేమిటి?" అంది. ఉడత టమాటా కొరికి, నచ్చక పడేసి, ఇంకోటి అందుకోవడం చూసి ఎంత నవ్విందంటే మాస్టారు మంచినీళ్ళు తెచ్చిన చప్పుడు కూడా అందరికీ వినపడింది. సినిమా తీసినవాళ్ళు తమ సినిమాకి ఆవిడ ఏమంటుందోనని చెవులు రిక్కించి కూర్చున్నారు.

చివరికి ఆఖరి ముక్క వచ్చింది. వెలుగు తగ్గుతోంది. మొగ్గ కొస కాస్త వదులైంది. ఒక రేక కదిలిందా లేదా అనిపించి, కదిలింది. తర్వాత మిగతావి, ముడతలు విప్పుకుంటూ, తొందరేమీ లేకుండా. అంతవరకూ గలగలలాడిన తెర మీద ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు.

"విచ్చుకుందండీ" అంది ఆవిడ, మెల్లగా.

"ఊఁ."

"నేను పెట్టిన గింజేనా?"

"నువ్వు పెట్టిందే."

డాక్టరమ్మ మొగుడు లేచి కిటికీ దగ్గరికెళ్ళి బయట ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. అత్తగారు మాత్రం దాపరికం లేకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఓట్లు వేశారు. ఉడత సినిమా అన్నిటినీ తోసిరాజని గెలిచింది. బస్సు డ్రైవరు సంతోషం పట్టలేక మళ్ళీ నోటితో సంగీతం కొట్టాడు. ఆ సందట్లో మాస్టారి మైకు ఇంకా తెరిచే ఉంది.

"ఉడతకా! అది తింటోంది, అంతే. అందులో కళ ఏముంది?"

"నేనూ దానికే వేశాను" అంది ఆవిడ.

"నువ్వు కూడానా!"

"పువ్వు మనిద్దరిదీ. మనదానికి మనమే వేసుకుంటే ఏం బాగుంటుంది? అయినా ఆ ఉడత చూపు చూశారా, అచ్చు మీరు పెరుగు గిన్నె దగ్గర చూసినట్టే ఉంది."

మాస్టారి పేరు తెర మీంచి మాయమైంది. అలిగి వెళ్ళిపోయాడని అందరూ అనుకున్నారు. ఇక ఆయన్ని ఎవరు బతిమాలి తెస్తారని తోటన్న అప్పుడే దిగులు పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున క్లినిక్కులో పేషెంటు నోట్లో దూది పెట్టి రక్తం ఆగేదాకా కూర్చోబెట్టి, ఆదివారం సంగతులు చెబుతూ చెబుతూ మధ్యలో మోగిన ఫోను తీసిందామె.

"డాక్టరమ్మా, ఆ బస్సు డ్రైవరు నంబరు ఒకసారి ఇవ్వండి" అన్నాడు మాస్టారు.

"ఎందుకు మాస్టారూ? పోట్లాటకా?"

"పోట్లాటెందుకు? ఉడతలు రావాలంటే ఏం పెట్టాలో కనుక్కోవాలి. మా ఆవిడ మంచం పక్కన కిటికీ ఉంది. చీర కూడా ఉతికి తెచ్చానని చెప్పండి, ఎవరైనా అడిగితే."

నంబరు పంపి, ఆమె పేషెంటు వైపు తిరిగింది. అతను దూది కరిచిపెట్టుకుని, తర్వాతేమైందో చెప్పమన్నట్టు కళ్ళెగరేశాడు.