గూట్లో సీసా

మా ఆయన నాగేంద్రకు ఏ జబ్బు వచ్చినా, దానికి ఎవరో ఒక మనిషి కారణం కావాల్సిందే. జలుబు చేస్తే పక్క చేనోడి దిష్టి. అట్లాంటి మనిషికి దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడితే ఊరుకుంటాడా? తిండిలో మందు పెట్టారన్నాడు. ఎవరయ్యా అంటే, నా తోటికోడలు భారతమ్మ. చీనీతోట గట్టు దగ్గర మా రెండిళ్లకూ తగాదా. ఉగాదికి ఆమె ఇంట్లో తిన్నాడు. ఇంకేం కావాలి?

పులివెందుల డాక్టరు కెమెరా పరీక్షకు చీటీ రాసిస్తే దాన్ని జేబులో పెట్టుకుని, జమ్మలమడుగు దగ్గర మందు తీసే ముసలామె దగ్గరికి పోయాడు. నేనూ పోయాను, నా ఖర్మ. ఆమె మా ఆయన పొట్ట మీద గొట్టం పెట్టి పీల్చి ఆకులోకి ఉమ్మింది. వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ, చింతగింజంత.

"పెన్నలో వెయ్యి నాయనా. ఎనక్కి తిరిగి సూడాకు" అంది.

మా ఆయన వేస్తాడా? "పంచాయితీలో సూపించాల. సాచ్చెం ఇది" అని ఉప్పునీళ్ల సీసాలో వేసి, మూత బిగించి, వంటింటి గూట్లో పెట్టాడు.

మూడు నెలలు గడిచాయి. నెత్తురు ఆగలేదు, మనిషి పుల్లయిపోయాడు. సీసాలో ఉండ మాత్రం నిమ్మకాయంత అయింది. నీళ్లకు ఉబ్బిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తిరగమోత పెడుతుంటే వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టుండేది. భయమేసేది, చెప్పుకోడానికి సిగ్గేసేది.

చివరికి తిట్టి, ఏడ్చి, ప్రొద్దుటూరికి లాక్కుపోయాను. కెమెరా పరీక్ష చేసి, ముక్క తీసి ల్యాబుకు పంపారు. వారానికి అక్కడి దీప్తి డాక్టరమ్మ పిలిచి తెర మీద బొమ్మ చూపించింది. పెద్దపేగులో గడ్డ. క్యాన్సర్. అచ్చం గూట్లో ఉండలాగే ఉంది. ఆ నిమ్మకాయను నేను రోజూ వంటింట్లో చూస్తూనే ఉన్నాను. మా ఆయనా గుర్తుపట్టినట్టున్నాడు, నోరెత్తకుండా ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

గడ్డ ఉన్న పేగు కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. దొడ్డికి పోయేందుకు పొట్ట బయట సంచి పెట్టే అవసరం రాలేదు. కోసిన ముక్కతో పాటు తీసిన గ్రంథుల్లో రెండింటిలో జబ్బు కనిపించిందని రిపోర్టు వచ్చింది.

"చెట్టు పీకేశాం. గింజలు రాలి ఉంటే మళ్లీ మొలుస్తాయి. అందుకే కీమో. రెండు నెలల్లోపు మొదలుపెట్టాలి" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చూస్తే సీసా ఖాళీ. మూత బిగించినట్టే ఉంది. లోపల తేట నీళ్లు.

"సూసినావా? పోయింది! ఇంగ కీమో యాల? ఎంటికలు ఊడేదానికా?" అని నవ్వాడు. ఆపరేషన్ తర్వాత నవ్వడం అదే మొదలు.

ఆరు వారాలు బతిమాలాను. భారతమ్మ వచ్చి, "గట్టు నువ్వే తీసుకో మరిదీ, ఆసుపత్రికి పో" అని ఏడ్చింది. వినలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ పొద్దు దువ్వెనలోని వెంట్రుకలు తీసి, మసీ మైనమూ కలిపి, ఆవగింజంత ఉండ చేసి సీసాలో వేశాను. పాపమో పుణ్యమో నాకే తెలీదు.

"మామా, ఈడికొచ్చి సూడు" అన్నాను.

నీళ్ల మీద తేలుతున్న దాన్ని చూసి చతికిలబడ్డాడు. "రేపే పోదాం పామ్మే" అన్నాడు. ఎన్నాళ్లకో ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

తెల్లారి రిపోర్టులు సర్దుకుని, పోతూ పోతూ పెన్నలో వేద్దామని సీసా తీశాను. కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. నేను చేసింది పైన తేలుతోంది. అడుగున ఇంకొకటి ఉంది.

"ఏమ్మే, బస్సు పోతాది!" బయటినుంచి కేక.

సీసాను కొంగులో చుట్టుకుని పరిగెత్తాను.

ప్రొద్దుటూరు ముందర, పెన్న వంతెన మీద, కిటికీలోంచి విసిరేశాను. మా ఆయన మెడ తిప్పబోయాడు.

"సూడాకు మామా!" అని ఆయన రెండు కళ్లూ చేత్తో మూసేశాను. బస్టాండు వచ్చేదాకా చెయ్యి తీయలేదు.