సగం వదిలిన మరక

పైన ఊళ్ళో ఆకలి లేదు, తగువు లేదు, ఏడుపు వినబడదు. అంత సుఖం ఊరికే వస్తుందా? కింద నేలమాళిగలో ముప్పై మంది ఆడవాళ్ళు మరిగే నీళ్ళలో చేతులు ముంచి ఊరి దుప్పట్లన్నీ ఉతికితే వచ్చింది.

ఒకరోజు వాళ్ళందరిలోకీ పాతమనిషి పెద్దక్క కళ్ళెదుటే ఆమె కోడలి చెయ్యి దుప్పట్లు పిండే రోలర్లలో పడి నలిగిపోయింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి ముందు నెత్తుటి దుప్పటి తీశాడు, తర్వాత పిల్లని చూశాడు.

"డాక్టర్ని పిలవండి బాబూ!" అంది పెద్దక్క.

"డాక్టర్లు పైనుంటారు. ఇలాంటివి చూస్తే వాళ్ళ మనసు పాడవుతుంది. గుడ్డ కట్టండి, చాలు."

అన్నాల వేళ అందరూ బాయిలర్ దగ్గర చేరారు.

"పని ఆపేద్దాం," అన్నాడు బాయిలర్ మనిషి.

"ఆగవయ్యా! పైవాళ్ళేం రాక్షసులా? తెలీదు పాపం," అంది పెద్దక్క. "ఆ దుప్పటి ఉతక్కుండా పంపుదాం. చూస్తే డాక్టర్ని పంపరూ?"

వాదించుకుని వాదించుకుని చివరికి సరేనన్నారు.

మూట కట్టడం పెద్దక్క పని. కోడలి మూలుగు వింటూ దుప్పటితో తొట్టి పక్కన కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుగా ఉతుకుతున్న చేతులవి, మరక కనబడితే ఊరుకోవు. తేరుకునేసరికి సబ్బు రుద్దేసింది. సగం మరక నీళ్ళలో కలిసిపోయింది.

"ఎంత పని చేశావక్కా!" అన్నారంతా. మిగిలిన సగంతోనే పంపారు.

మర్నాడు దుప్పటి చక్కగా మడతపెట్టి తిరిగొచ్చింది. దాని మీద ఒక చీటీ: 'మరక సగమే వదిలింది. దయచేసి మళ్ళీ ఉతకండి. మీ రోజు సంతోషంగా గడవాలి.'

అప్పటికి కోడలి ప్రాణం పోయి గంటయింది.

"నేను ముట్టుకోకపోతే అర్థమయ్యేదంటారా?" అని పెద్దక్క ఒక్కొక్కర్నీ అడిగింది.

"నెత్తురని వాళ్ళకి తెలుసక్కా," అన్నాడు బాయిలర్ మనిషి.

ఆమె ఆ దుప్పటి భుజాన వేసుకుంది, మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టలేదు. తక్కినవాళ్ళూ చేతులు బయటికి తీశారు. సూపర్‌వైజర్ అరిచాడు, బతిమాలాడు, కాపలావాళ్ళని పిలిచాడు. వాళ్ళు పెద్దక్కకు సంకెళ్ళు వేసి మెట్లెక్కించారు.

వీధిలో అందరూ తెల్లటి బట్టల్లో ఉన్నారు. భుజం మీది మరక వంక ఒక్కరూ చూడలేదు. నవ్వుతూ ఆమెను పలకరించి పోతున్నారు.

అంతలో కాళ్ళ కింద బాయిలర్ మోత ఆగింది. అది ఆగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ ఎరగరు. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే నిలబడిపోయి నేలకేసి చూశారు.