కళ్ళు కుదుటపడిన గది

"వాడి మొహంలో ఏముండాదని అంతసేపు చూసినావు?"

చేపల పులుసు గిన్నె తోముతున్నాను. మా ఆయన చంద్రమౌళి నా వెనక నిలబడి అడిగిన మాట అది. మా రొయ్యల గుంటలకు మేత ఇచ్చే డీలరు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. అతనికి మారు వడ్డించాను. వడ్డించే మనిషి కంచం చూస్తుంది. నేనూ కంచమే చూశాను. కానీ నా కళ్ళు పుట్టినప్పటి నుంచీ ఒకచోట నిలవవు, అటూ ఇటూ సన్నగా ఆడుతూనే ఉంటాయి. ఆపడం నా చేతిలో లేదు. ఆడుతున్నట్టు నాకు తెలియదు కూడా. పెళ్ళయిన కొత్తలో "పాపం" అన్న మనిషే ఆ తర్వాత "ఎవుర్ని చూస్తుండావు?" అనడం మొదలుపెట్టాడు. బస్సులో, పేరంటంలో, విడవలూరు సెంటర్లో కూరగాయల కొట్టు దగ్గర, ఎక్కడైనా అదే మాట. "ఆడదాని చూపు నిలకడగా ఉండాలమ్మే. నీ చూపు ఇంట్లో ఉండదే!" అంటుంది మా అత్త వెంకటశేషమ్మ, నేను కలిపి పెట్టిన అన్నం తింటూనే. నేను మూడో తరగతికి పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లో ఫొటో తీసిన ప్రతిసారీ, "వాణి మేడం, మీరు కొంచెం వెనక్కి" అంటాడు హెడ్మాస్టరు.

ఇంతమంది అంటుంటే చివరికి నాకే నామీద అనుమానం పట్టుకుంది. బియ్యం ఏరుతూ, బట్టలు ఆరేస్తూ, ఆ రోజు నా కళ్ళు ఎక్కడెక్కడికి పోయాయో గుర్తు చేసుకునేదాన్ని. డీలరు చొక్కా నీలం రంగని నాకెలా తెలిసింది? చూడకపోతే తెలుస్తుందా? చూశానేమో. నాకు తెలియకుండా నాలో ఇంకెవరో చూస్తున్నారేమో.

స్కూలు పిల్లల కళ్ళు పరీక్ష చేయడానికి నెల్లూరు నుంచి వచ్చిన ఫేబీ అనే అమ్మాయి పిల్లల్ని వదిలి నన్ను పట్టుకుంది. దీన్ని నిస్టాగ్మస్ అంటారనీ, తమ కంటాసుపత్రిలో దీనిమీద పరిశోధన జరుగుతోందనీ చెప్పింది. "బాగు చేస్తామని మాట ఇయ్యలేమక్కా. కళ్ళు ఎప్పుడు ఎక్కువ ఆడతాయి, ఎప్పుడు తగ్గుతాయి, ఎందుకని, అదే కనుక్కుంటుండాం. ఒకసారి ఆసుపత్రికి రాక్కా, డబ్బులేం వద్దు."

నమ్మకం కలగలేదు. ఊరికే ఎవరైనా ఎందుకు పిలుస్తారు? ఇంట్లో అయితే అనుమానాలు వరదలా వచ్చాయి. "డాక్టరు మగోడా, ఆడమనిషా?" అన్నాడు ఆయన. "కళ్ళు పీక్కుంటారేమోరా, అడిగి పంపించు" అంది అత్త. ఆఖరికి ఆయన తానూ వస్తానన్నాడు. తోడుకు కాదు, కాపలాకు.

కంటాసుపత్రిలో చీకటి గది. గడ్డం ఆనించుకోవడానికి ఒక పీట, ఎదురుగా తెర మీద చిన్న చుక్క, నా కళ్ళ కదలికను గీతగా గీసే కెమెరా. ఆయన నా వెనకే స్టూలు మీద కూర్చున్నాడు. "మీకు ఎదురుగా ఉండే వస్తువులు కూడా ఊగతాయా అక్కా?" అని ఫేబీ అడిగింది. లేదన్నాను. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఇంట్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

చుక్కను చూశాను. కొంతసేపటికి ఆయనకు ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు. ఫేబీ ఉన్నట్టుండి ఆపింది. కెమెరా సర్దింది, వైరు ఊడదీసి మళ్ళీ పెట్టింది. "ఇంకోసారి చూడక్కా" అంది. చూశాను. ఆ పిల్ల కంప్యూటరు మీదికి వంగి గీతను చూసింది. తలుపు తెరుచుకుని ఆయన వచ్చి కూర్చున్నాక మళ్ళీ చూడమంది. ఏదో దాస్తోంది. పెద్ద జబ్బేదో కనబడిందా?

"ఏందది? నాకు చెప్పు" అన్నాను.

ఆమె కాస్త తటపటాయించి కంప్యూటరు నావైపు తిప్పింది. మొదటి గీత రంపం పళ్ళలా ఉంది. నడిమి గీతలో పళ్ళు అరిగిపోయి, చాలాచోట్ల సాఫీగా ఉంది. చివరిది మళ్ళీ రంపమే.

"మిషను తప్పేమో అనుకున్నా. కాదు. మనసు బిగబట్టుకున్నప్పుడు ఇది ఎక్కువవుతుందక్కా. కానీ ఒక్కసారికే ఏదీ తేల్చకూడదు. సారు బయట ఉన్నప్పుడు..." అని ఆగిపోయింది.

ఆయన స్టూలు మీంచి లేచాడు. "నేను లేనప్పుడు ఇద్దరూ ఏం చేసినారు?"

"అదే పరీక్ష, సార్."

"మిషనుకేం తెలుస్తాది!" అని నావైపు తిరిగాడు. "అంటే ఏందే? నేను బయటికి పోతే నీకంత నెమ్మదిగా ఉండాదా?"

ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. లేదండీ, కాదండీ, నేనట్ట చూడలేదండీ. అది నోటిదాకా వచ్చింది. కానీ నా చూపు ఇంకా ఆ నడిమి గీత మీదే ఉంది. ఇన్నేళ్ళూ ఈ కళ్ళు ఎవరికోసమో వెతుకుతున్నాయన్నారు. నేనూ నమ్మాను. ఇవి ఎవరికోసమూ వెతకడం లేదు. ఎటునుంచి ఏ మాట వచ్చి పడుతుందోనని భయంతో బెదిరిపోతున్నాయి, అంతే. ఆ సంగతి తెలిసి ఏడుపు రాలేదు. ఒళ్ళు తేలికయింది.

"ఉండాది" అన్నాను.

నేను గడ్డం మళ్ళీ పీట మీద ఆనించాను.

"ఇంకోసారి తియ్యి ఫేబీ. ఒక్కసారికి తేల్చకూడదన్నావు గదా. ఏమండీ, పోతా పోతా ఆ తలుపు దగ్గరగా వెయ్యండి."