ఎవరూ రాకూడని ఇల్లు

దూలానికి నెత్తి కొట్టుకోకుండా నడుం వంచి, చలపతి ఆ అటకను మూడు మూలల నుంచి ఫొటో తీశాడు. నాలుగో మూలలో మనిషి నిలబడే ఎత్తు లేదు. ఐదంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం తగ్గేదాకా చెక్కమెట్టు మీద కూర్చుని, ఫోనులో ఇంగ్లీషున రాసుకున్నాడు: ‘ఆకాశానికి అందేంత దూరంలో, అందమైన లాఫ్ట్.’ అబద్ధమేం కాదు. కప్పులో ఉన్న ఒకే ఒక్క కిటికీలోంచి ఆకాశం తప్ప మరేమీ కనబడదు.

లైప్‌జిగ్‌లో అద్దె ఇళ్ళు చూపించే చిన్న ఆఫీసు అతనిది. అంటే అతను పనిచేసేది. బ్లూ కార్డు వీసా మీద దిగే ఇంజనీర్లకూ, ఊరగాయ సీసాలతో దిగే విద్యార్థులకూ అర్థమయ్యేలా జర్మను కొంపల్ని ఇంగ్లీషులోకి మార్చడం నాలుగేళ్ళుగా అతని ఉద్యోగం. నలభై రెండేళ్ళ బక్కపలుచని మనిషి. కెమెరా సంచి మోసి మోసి ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. బూట్ల మడమలు బయటివైపు అరిగాయి. ఎంత దువ్వినా జుట్టు ఒక పక్క లేచే ఉంటుంది, ఇప్పుడే ఎవరో నిద్ర లేపినట్టు.

ఇంగ్లీషులో ఇంటికి అన్ని పేర్లుండబట్టే అతనికి తిండి. అటక లాఫ్టవుతుంది, నేలమాళిగ గార్డెన్ ఫ్లాటవుతుంది. పడకా, పొయ్యీ, పళ్ళు తోముకునే చోటూ ఒక్క చూపులో పడితే అది స్టూడియో. ఇంటి లోపలే మెట్లుంటే మేజొనెట్, మోకాళ్ళు మాత్రం అద్దెకున్నవాడివే. ఊరి చివర తోటలోని పనిముట్ల గదిని కాటేజ్ అన్న రోజు కూడా ఉంది. ఇక కోజీ అంటే రాజీ.

ఈ విద్య ఖమ్మంలో అబ్బిందే. అక్కడ పదకొండేళ్ళు ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పాడు. రాజు ప్యాలెస్‌లో, సైనికుడు బ్యారక్‌లో, సన్యాసి హెర్మిటేజ్‌లో ఉంటారని బోర్డు మీద రాస్తుంటే, వెనక బెంచీ పిల్లాడొకడు, టీచరెక్కడ ఉంటాడు సార్ అన్నాడు. అద్దింట్లో అన్నాడు చలపతి. క్లాసంతా నవ్వింది. ముప్పై ఏడో ఏట మాస్టర్స్ చదువుతానని జర్మనీ వచ్చాక గదులే తప్ప ఇల్లన్నది దొరకలేదు. ఎవరో ఊరెళ్తే వాళ్ళ గదిలో మూడు నెలలు, ఇంకెవరో చదువు ముగిస్తే వాళ్ళ మంచం మీద ఆరు నెలలు. ఇప్పుడున్న గది అసలు మనిషి నెలాఖరుకు తిరిగొస్తోంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి జర్మనీలో ఇల్లు వెతికి చూడలేదు. వెతికుంటే మొదటి రెండూ తేలికని ఊరుకునేవాడు.

పన్నెండున్నరకు ట్రామ్ స్టాపులో నిలబడి రొట్టె తింటుంటే భార్య ప్రవీణ ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్ అంటే ఏమిటో వాళ్ళిద్దరికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆమె ఖమ్మంలో విడిగా, అతను లైప్‌జిగ్‌లో విడిగా. పధ్నాలుగో తారీఖున ఆమెకూ కూతురు ఈషాకూ వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. ముగ్గురికీ సరిపడా ఇల్లుందని అద్దె కాగితం చూపించాలి. కాగితం లేక ఇప్పటికి రెండుసార్లు టెర్మిన్ వాయిదా వేసుకున్నారు. పిల్ల వెనక నుంచి, మన ఇల్లు హట్టా ప్యాలెసా అని అడుగుతోంది. ప్రవీణ గొంతు పెంచలేదు.

“ఈసారి గూడ కాకుంటే ఇగ వద్దండీ. మీరే వచ్చెయ్యండి. నాకు ఓపిక లేదు.”

ఇవాళ చూపించే ఇంటికి ఎవరూ రాకపోతే అది మనదే, సాయంత్రం చెబుతానన్నాడు. సాయంత్రానికి అతని దగ్గర ఒక ఉపాయం ఉంది.

ఫ్రౌ హైన్రిష్ అనే ముసలావిడ పోయిన వారం తన ఇంటిని వాళ్ళ ఆఫీసుకు అప్పగించింది. రెండు గదులు, నలభై ఒక్క చదరపు మీటర్లు. ముగ్గురికి చాలు. కానీ ఆఫీసులో పనిచేసేవాడు కస్టమర్లకన్నా ముందు ఇల్లు అడగకూడదు. చూడ్డానికి పెట్టిన గంటలో ఎవరూ రాకపోతేనే అడగొచ్చు. అందుకని నాలుగేళ్ళలో మొదటిసారి చలపతి ఒక ఇంటి గురించి ఉన్నదున్నట్టు రాశాడు. ‘గ్రౌండ్ ఫ్లోర్. వెలుతురు తక్కువ. కిటికీ పక్కనే ట్రామ్. బాత్రూముకు కిటికీ లేదు. వంటగదిలో గొట్టాలు తప్ప ఏమీ లేవు.’ చదివిన అతనికే ఆ ఇంటి మీద విరక్తి కలిగింది. సంతోషించాడు.

నాలుగింటికి తలుపు తెరిచి పెట్టారు. ఫ్రౌ హైన్రిష్ తన మడతకుర్చీ తనే తెచ్చుకుని, హాలు మధ్యలో కోటు విప్పకుండా కూర్చుంది. నాలుగుంపావుకు ఎవరూ లేరు. నాలుగున్నరకు ఎవరూ లేరు. ట్రామ్ పోయినప్పుడల్లా గోడ సన్నగా మూలిగింది. ఐదుకు పది నిమిషాలుందనగా చలపతి గొంతు సవరించుకుని, అడగవలసిన జర్మను వాక్యాన్ని లోపల ఒకసారి అనుకున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర, గోడకు చెయ్యి ఆనించి ఒక అమ్మాయి నిలబడింది. ఏడో నెల. పేరు కావ్యశ్రీ అంది, తెనాలి. భర్త సాయికృష్ణకు సెలవు దొరకలేదట. స్టూడెంట్ హాస్టల్లో వాళ్ళది ఒక్కరుండే గది, బిడ్డ పుడితే అక్కడ ఉండనివ్వరు.

“మీరేనాండీ ఆ యాడ్ రాసింది?”

అవునన్నాడు.

“పదకొండు ఇళ్ళు చూశానండీ. బ్రైట్ అన్నింట్లో పట్టపగలు లైటేశారు. క్వయిట్ అన్న ఇంటి కింద బారుంది. ఇది చూసి మా ఆయన ఒకటే నవ్వు, ఇలా ఎవడన్నా రాసుకుంటాడా అని. నాకు మాత్రం నమ్మకం కుదిరిందండీ.”

చలపతి ఆమెకు ఇల్లు చూపించాడు. కిటికీలేని బాత్రూము రెండుసార్లు చూపించాడు. ట్రామ్ పోయేదాకా ఆగి, ఈ మోతకు బిడ్డ నిద్రపోదమ్మా అన్నాడు. అలవాటైపోతుందిలెండి, మాది రైలు కట్ట పక్క ఇల్లే అంది. వంటగదిలో ఏమీ లేదన్నాడు. ఒక్క స్టవ్వు చాలంది. అతని దగ్గర చెడ్డమాటలు అయిపోయాయి.

“అన్నయ్యగారూ, నాకు జర్మన్ అంతగా రాదు. ఆవిడకి మీరొక్క మాట చెబుతారా?”

ఆఫీసు రూలు కాదు, ఈ పిలుపు అడ్డం పడింది. వేరే దేశపువాళ్ళెవరైనా వచ్చుంటే ఇంకా ఏదో ఒకటి చేసేవాడే. మనవాళ్ళు అన్నయ్యగారూ అన్నాక, అలా పిలిచిన మనిషితో పోటీకి ఎలా దిగుతాడు? వాళ్ళింట్లో తిండి తిన్నవాడికుండే మొహమాటం లాంటిది అది.

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని అతన్నే చూస్తోంది. ఈ అమ్మాయి ఎలాంటిదని అడిగింది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినవాడు అతనొక్కడే. ఏం చెప్పినా అదే నిజమవుతుంది.

మంచివాళ్ళు, అద్దె ఆలస్యం చెయ్యరు, ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటారు అని చెప్పాడు. నీకెలా తెలుసు, బంధువులా అంది ఆవిడ.

చెల్లెలు అన్నాడు చలపతి.

ఫ్రౌ హైన్రిష్ తలూపి, సంచిలోంచి ఫారం తీసింది. కావ్యశ్రీకి కూర్చోమని తన కుర్చీ ఇచ్చి, తను గోడకు ఆనుకుంది.

ఐదున్నరకు స్టాపులో నిలబడి అతనే ఫోన్ చేశాడు. ఎవరన్నా వచ్చారా అని అడిగింది ప్రవీణ. ఒకళ్ళొచ్చారన్నాడు. ట్రామ్ వేళల బోర్డు చూస్తూ మళ్ళీ అతనే అన్నాడు.

“నెలాఖరుకు టికెట్ చూస్తున్న. నేనే వస్త.”

“సరే,” అంది ప్రవీణ. మళ్ళీ తనే, “తిన్నరా?” అంది.

తిన్నానని చెప్పి, వచ్చిన ట్రామ్ ఎక్కాడు.

ఆ ఇంట్లో ఫారం మీద సంతకం అయ్యాక ఫ్రౌ హైన్రిష్, కావ్యశ్రీ దీపం ఆర్పి తాళం వేసుకుని వెళ్ళారు. లోపలి గదిలో కిటికీకి దూరంగా, ట్రామ్ మోత తక్కువ వినబడే మూలన, మధ్యాహ్నం ఎవరూ రాకముందు చలపతి కొలిచి అంటించిన నీలం టేపు నేల మీద అలాగే ఉంది. ఆరేళ్ళ పిల్ల మంచమంత పొడుగూ వెడల్పూ. గోడవైపు అంచు సరిగా అంటక, కొద్దిగా పైకి లేచి ఉంది.