ముత్యాలు పెద్ద ఫోటో

మా తమ్ముడు ముత్యాలు ఫోటోను సత్తుపల్లిలోని ఫోటోషాపులో పెద్దది చెయ్యమని ఇచ్చినప్పుడు నేను చెప్పింది ఒక్కటే మాట. "ఉన్నది ఉన్నట్టు చెయ్యండి." షాపు యజమాని వెంకటరామారావు తలూపి, "మీరు అంతగా చెప్పాలా మేడం గారూ" అన్నాడు.

పెద్దకర్మకు ముందురోజు మధ్యాహ్నం తెచ్చుకోవడానికి వెళ్ళాను. అట్టపెట్టెలోంచి ఫ్రేము తీసి కౌంటర్ మీద నిలబెట్టాడు. ఫోటోలోంచి ముత్యాలు నన్ను చూస్తున్నాడు.

ముత్యాలుకు పుట్టుకతోనే చూపు లేదు. రెప్పలు ఏనాడూ విడలేదు. దమ్మపేటలో వైండింగ్ షాపు పెట్టి, కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి బతికాడు. షాపు తెరిచిన రోజు తీగచుట్టను మెడలో దండలా వేసుకుని నవ్వుతుంటే ఎవరో తీసిన ఫోటో అది. పోస్టుకార్డంత ఉంటుంది. "నాకు కనపడని దాని మీద నాకెందుకే ఖర్చు" అని మళ్ళీ ఎప్పుడూ ఫోటో దిగలేదు. జ్వరం ముదిరి ఖమ్మం దవాఖానాలో పోయాడు. గోడకు పెట్టుకోవడానికి మాకు మిగిలింది ఆ ఒక్క మొహమే.

"ఇదేంది?" అని అడిగాను.

"బాగా వచ్చింది కదండీ. నవ్వేటప్పుడు కొందరికి కళ్ళు మూసుకుపోతాయి. తెరిపించాను. దానికేం ఎక్స్‌ట్రా తీసుకోనండి."

"మా తమ్ముడికి చూపు లేదు. ఎన్నడూ కళ్ళు తెరవలేదు."

అతని చెయ్యి ఫ్రేము మీదే ఆగిపోయింది. తప్పయిందన్న మాట వస్తుందేమోనని చూశాను.

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెయ్యమన్న."

"అందరూ అట్లానే అంటారండి. తీరా చేసిస్తే రంగు తగ్గిందనీ, బుగ్గలు పీక్కుపోయాయనీ గొడవ. అయినా పోయినవాళ్ళ ఫోటోలో కళ్ళు మూసి ఉండకూడదండి. శవంలా ఉంటది."

ముత్యాలు ఆ రెప్పలతోనే పెరిగాడు, పని నేర్చుకున్నాడు, ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. ఇతనికి అవి శవం రెప్పల్లా కనిపించాయట.

కోపం వస్తే నేను మాట్లాడను, చూస్తాను. మా బడి పిల్లలకు ఆ సంగతి తెలుసు. అతనికి తెలియదు గనక కాసేపు నవ్వుతూ నిలబడ్డాడు. అతని ఎడమకంటి రెప్ప కాస్త వాలి ఉంటుంది. ఫ్రేములో ముత్యాలు ఎడమరెప్ప కూడా అలాగే వాలి ఉంది. తలెత్తి అతని వెనక గోడ మీది ఫోటోలు చూశాను. తలపాగా చుట్టిన ముసలాయన, కోటు వేసుకున్న పెద్దమనిషి, మీసాలు సరిగా రాని కుర్రాడు. ముగ్గురికీ ఎడమరెప్ప వాలే ఉంది.

"ఇవి మీ కళ్ళు" అన్నాను.

అతను సిగ్గుపడలేదు. ముచ్చటపడ్డాడు. "కనిపెట్టేశారే! ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదండి. మగవాళ్ళకి నావి, ఆడవాళ్ళకి మా ఆవిడ హైమవి. కంప్యూటర్లో వేసి పెట్టుకున్నాను. ఎవరివో పరాయివాళ్ళవి పెడితే తప్పు కదా."

బల్ల మీద పాస్‌పోర్టు ఫోటోల కోసం కూర్చున్న ముసలాయన అందుకున్నాడు. "రావుగారూ, నావి నాకే ఉంచయ్యా. బ్యాంకోళ్ళు నన్ను పట్టుకొని నీ పేరు రాసుకుంటరు."

ఇద్దరూ నవ్వారు. నేను ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, "ఈ కళ్ళు తీసేసి మళ్ళీ వెయ్యండి. రేపు పొద్దున పెద్దకర్మ" అన్నాను.

"ఈ సైజు ఖమ్మం ల్యాబులోనే పడుతుందండి. అసలే పెళ్ళిళ్ళ సీజను. ఎల్లుండికి తెప్పిస్తాను. రేపటికి దీంతో కానిచ్చెయ్యండి. దూరం నుంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

చిన్న ఫోటో అడిగి తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. పెద్ద ఫ్రేమునూ వదిలిపెట్టలేదు. అక్కడ వదిలితే నమూనా అని గోడకెక్కిస్తాడు. చించి పారెయ్యడానికీ చేతులు రాలేదు. ముక్కు వాడిదే, నవ్వు వాడిదే. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట ఆయిల్‌పామ్ తోటలు వెనక్కి పోతుంటే, అతన్ని అనాల్సిన మాటలన్నీ అప్పుడు వరసగా వచ్చాయి. వాటిలో పిల్లల ముందు అనదగ్గది ఒక్కటీ లేదు.

ఇంట్లో అమ్మా, అమ్మ వాళ్ళ అక్క యశోద పెద్దమ్మా రేపటి వంటకు బియ్యం ఏరుతున్నారు. నేను ఏమీ చెప్పకముందే పెద్దమ్మ ఫ్రేముకు చుట్టిన కాగితం విప్పేసింది.

"అబ్బ, ఎంత మంచిగున్నడే పోరడు! దేవుడు ఇయ్యంది ఫోటోవాడన్న ఇచ్చిండు. రేపు వచ్చినోళ్ళు గుడ్డి ముత్యాలు అనకుండ పోతరు."

"పోయినంక గూడ అంటరా పెద్దమ్మా?"

"ఎందుకనరు? గ్రహణం నాడు మీ అమ్మ కడుపుతోటి బయట తిరిగిందని ఇప్పటికీ అంటలేరా?"

అమ్మ ఆ మాటకు తలెత్తలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఫ్రేమును దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది.

"నన్నే చూస్తున్నడే కళావతీ" అంది.

ఆ మాటతో అమ్మ మొహం ఎంత తేలికపడిందో నేను చూశాను. ఊరుకుంటే ఆమెకు కాస్త ఊరట. కానీ ఊరుకుంటే ఈ ఫోటో గోడకెక్కుతుంది. రోజూ చూసీ చూసీ, ఏడాది తిరిగేసరికి ముత్యాలు మొహం మాకు ఇదే అయిపోతుంది. నా తమ్ముడు రెండోసారి పోతాడు.

"అమ్మా, అవి ఫోటోషాపాయన కళ్ళు. ఆయన అందరికీ తన కళ్ళే పెడుతున్నడు" అన్నాను.

"షాపాయనవా?"

"అవ్."

"బతికే ఉన్నడా?"

"మంచిగనే ఉన్నడు."

అమ్మ ఫ్రేమును ఒళ్ళోంచి కింద పెట్టింది. "అయితే ఎవడో మొగోడు నా గోడెక్కి కూసొని, పొద్దస్తమానం నన్ను చూస్తా ఉంటడా? నేను చీర మార్చుకోవాల్నా వద్దా? తియ్యి అవతల."

"నీ నోరు పాడుగాను!" అని పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ నవ్వలేదు. "గ్రహణమో, పాడో. నేను కన్నది ఆ మొహాన్నే. అదే పెట్టు" అంది.

తెల్లవారి పందిట్లో కుర్చీ వేసి, తెల్లగుడ్డ పరిచి, పోస్టుకార్డంత ఫోటోను ఇత్తడి చెంబుకు ఆనించి పెట్టాను. మాల మాత్రం పెద్ద ఫ్రేము కొలతకు చెప్పి ఉంది. వేసేసరికి ఫోటో బంతిపూలలో మునిగిపోయింది.

"ఫోటో ఏదే? పూలే కనపడుతున్నయి" అని పెద్దమ్మ గొణిగింది.

"జరిపి చూడమను" అంది అమ్మ.

జూలూరుపాడు నుంచి పోతయ్య అనే రైతు వచ్చాడు. ఆయన మోటారు ఎన్నిసార్లు కాలినా ముత్యాలే చుట్టాడు. ఆయన వంగి, రెండు వేళ్ళతో పూలు పక్కకు నెట్టి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు. "అవ్, మనోడే" అని, అలాగే వంగి కాసేపు ఉండిపోయాడు.

నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. కొందరు పూలకే దణ్ణం పెట్టి భోజనాల వైపు కదలబోయారు. వాళ్ళను ఆపి, "చూసి పొండి" అన్నాను. ఆ మాట కొందరికి కటువుగా తగిలే ఉంటుంది. తగలనీ.