పసుపంటని పెళ్లికూతురు

జనగామలో ఫిర్దౌస్ వాళ్లింట్లో ఆ రోజు కాలు పెట్టే సందు లేదు. పెద్దవంగర నుంచి మగపెళ్లివాళ్లు ఆటో నిండా దిగారు. మాంఝా అంటే అంతే మరి. పెళ్లికూతుర్ని పీట మీద కూచోబెట్టి, వాళ్లు తెచ్చిన పసుపు నలుగు చేతులకూ ముఖానికీ రుద్ది, మిగిలింది ఒకరికొకరు పులుముకుని నవ్వి నవ్వి చావాలి. కాబోయే అత్త సఫియా బేగం ఆ నలుగును తనే నూరి, అత్తరు కలిపి, పెద్ద గిన్నెలో గరిటె వేసి మరీ తెచ్చింది.

మూత తీయగానే అత్తరు గుప్పుమంటే ఫిర్దౌస్ చేతులు వెనక్కి లాక్కుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు మోచేతుల మడతల్లో ఎగ్జిమా. అత్తరు తగిలినా, పసుపు తగిలినా అగ్గే. డాక్టరమ్మ శ్రీలత ఇచ్చిన పూతమందుతో, స్నానం కాగానే పట్టించే తెల్ల క్రీముతో ఈ ఏడాదే కాస్త కుదుటపడింది. దురద లేస్తే గోరు పెట్టకుండా అరచేత్తో నొక్కి, ఊపిరి మెల్లగా వదలమని కూడా ఆమే నేర్పింది. ఈ సంగతి మీ అమ్మకు చెప్పమని ఫిర్దౌస్ పెళ్లికొడుకు మాజిద్‌కు ఎప్పుడో చెప్పింది. తల్లి ముందు నోరు పెగలని ఆ మహానుభావుడు చెప్పనే లేదు.

వద్దంటే అత్తకు చిన్నతనం. సరేనంటే నిఖా నాడు నలుగురిలో గోక్కుంటూ కూచోవాలి.

సఫియా బేగం గరిటె ఎత్తింది. ఆ కంగారుకే మోచెయ్యి చిమచిమలాడింది. ఫిర్దౌస్ అరచెయ్యి ఆనించి నొక్కింది, ఊపిరి మెల్లగా వదిలింది. దురద సద్దుమణిగింది గానీ, ఎక్కణ్నుంచో తుంటరితనం ఊడిపడింది.

"ముందు పెద్దోళ్లకు, అత్తమ్మా," అని గరిటె లాక్కుని అత్త బుగ్గకే పూసేసింది.

అత్త ఆడబిడ్డ రుఖయ్యా కిసుక్కుమంది. సఫియా బేగం అటు తిరిగి రుఖయ్యా ముఖానికి ఇంత పులిమింది. ఇంక ఆగుతారా? కూలరు వెనక నక్కిన ఓ ముసలమ్మను కూడా లాక్కొచ్చారు. మంచినీళ్లకని లోపలికొచ్చిన ఆటో ప్రభుదాస్ పచ్చటి మీసంతో బయటపడ్డాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరికీ ఒంటి మీద తెలివి లేదు.

"అందరికైంది. పిల్లకేది?" అంది సఫియా బేగం ఆయాసపడుతూ.

ఫిర్దౌస్ చెయ్యి జాపి మడత చూపించింది. "నాకు పసుపు పడదు అత్తమ్మా. ఎగ్జిమా. ఒకలకు అంటేది కాదు, దురద లేస్తే మాత్రం పానం తీస్తది. మాజిద్ మీకు చెప్తనన్నడు."

"వాడా? వాడు ఆకలైనా చెప్పడు బిడ్డా."

నవ్వులతో ఇల్లు అదిరింది. ఫిర్దౌస్ నవ్వలేదు. అత్త కళ్లనే చూస్తోంది.

"మరి గీనికేం పూస్తరు?" అంది సఫియా బేగం ఆ మడత మీదికి వంగి.

ఫిర్దౌస్ తల్లి తెల్ల క్రీము డబ్బా తెచ్చింది. సఫియా బేగం సబ్బుతో చేతులు కడుక్కొచ్చి పీట ముందు కూచుంది.

"రుద్దాల్నా, అద్దాల్నా?"

"మెల్లగ అద్దాలె."

రుఖయ్యా నలుగు పాట ఎత్తుకుంది. ఇన్నేళ్లూ పొడుగు చేతుల కింద దాచుకున్న ఆ మడతలో అత్త వేళ్లు చల్లగా కదులుతుంటే ఫిర్దౌస్‌కు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"రోజు పుయ్యాల్నా ఇది?" అడిగింది సఫియా బేగం.

"రోజూ."

"మావోనికి నేర్పిస్త. నోరు లేకున్నా చేతులున్నయ్ గదా వానికి."