మా ఇంట్లో మెక్సికో

టోపీ బీరువా మీద పెట్టినట్టే గుర్తు, అంత పెద్ద టోపీ ఇంట్లో ఎక్కడికి పోతుంది, చాటంత అంచులు దానికి, మా ఆయన జైపాల్‌రావు గనుల ట్రైనింగని రెండు నెలలు మెక్సికో పోయి తెచ్చింది అదొక్కటే, అదిగో, లీలాబాయి అప్పుడే నెత్తిన పెట్టుకుని అద్దం ముందు నిలబడింది, పెట్టుకోనీ, ఆఫీసర్ల భార్యలం మేం ముగ్గురం నెలకో దేశం వండుకుని తింటున్నాం, పోయిన నెల నిర్మలాదేవి ఇంట్లో చైనా, అంతకు ముందు లీలాబాయి ఇంట్లో ఇటలీ, ఈ నెల నా వంతు, మీ ఆయన పోయొచ్చిండు గద అనసూర్యా, నువ్వు మెక్సికో చెయ్యి అని నిర్మలాదేవి తేల్చేసింది, ఆమె భర్త మా ఆయనకు పై ఆఫీసరు, ఆమె తేలిస్తే తేలినట్టే, పైగా బ్రంచ్ అట, పొద్దటి టిఫినూ కాదు మధ్యాహ్నం భోజనమూ కాదు, రెండింటికీ నడుమ పదిన్నరకు తినాలట, మా బాపు షిఫ్టుకు పోయే ముందు చీకట్లో ఐదింటికి తిన్నదానికి ఏం పేరు పెట్టాలో, రంగు కాగితాలు కత్తిరించి గోడల నిండా తోరణాలు కట్టాను, రాజ్మా ఉడికించాను, టమాటలు ఉల్లిగడ్డలు పచ్చివే తరిగి నిమ్మరసం పిండాను, సంబరంగా ఉండాలి ఈ పూట, నాకు మాత్రం మంగళవారం నుంచీ ఏమీ అనిపించడం లేదు, సంబరమూ లేదు, విసుగూ లేదు, పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ ఎట్లా ఉంటుందో లోపలంతా అట్లా ఉంది, టోపీ బాగుందక్కా నీకు అని లీలాబాయితో అన్నాను, బాగానే ఉంది మరి.

వంటింట్లో చంద్రవ్వ మక్కపిండి ముద్దలు చేసి అరచేతుల మధ్య తడుతోంది, మెక్సికో వాళ్ల మొక్కజొన్న రొట్టె ఎట్లా తట్టాలో పుస్తకంలో బొమ్మలు వేసి ఉంటే దానికి చూపించాను, చూసి నవ్వింది, గిది మక్కరొట్టెనే గదమ్మా, దీనికి పుస్తకం జూసుడెందుకు అంది, రెండేళ్లుగా మా ఇంట్లో పని చేస్తోంది, దాని మొగుడు వెంకటిది గనిలో, బొగ్గుబాయిలో పని, దశరథంతో పాటే మొదటి షిఫ్టు, దశరథం నా తమ్ముడు, ఆ సంగతి చంద్రవ్వకు తెలియదు, నిర్మలాదేవికి తెలియదు, లీలాబాయికి తెలియదు, మా పుట్టిల్లు కరీంనగర్ అనీ బట్టల వ్యాపారమనీ చెప్పాను, మా తాత సిరిసిల్లలో మగ్గం నేసిన మాట నిజమే కనుక అది పూర్తి అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, బాపు మగ్గం వదిలి బెల్లంపల్లి వచ్చి బాయిలో దిగాడు, బాపు పోయాక ఆ కొలువు దశరథానికి వచ్చింది, నాకు చదువు వచ్చింది, చదువు వెంట జైపాల్‌రావు వచ్చాడు, భూములున్న ఇంటి పిల్లవాడు, తన వాళ్లను కాదని నన్ను చేసుకున్నాడు, నీ వాళ్లెవరో చెప్పొద్దని ఆయన ఒక్కనాడూ అనలేదు, దాచింది నేనే.

మంగళవారం, అవును, మంగళవారమే, మక్కపిండి ఎక్కడా దొరకలేదు, ఇక్కడ మా మందమర్రి బజారులో అడిగితే కోళ్లకా అమ్మా అన్నాడు దుకాణం ఆయన, దశరథానికి కబురు పెట్టాను, వాడు మక్కలు కొని గిర్నీలో పట్టించి, షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా సైకిల్ మీద తెచ్చాడు, వెనక తలుపు దగ్గర నిలబడి అక్కా, రెండుసార్లు పట్టిచ్చిన, మెత్తగున్నది సూడు అన్నాడు, కనురెప్పల మీద ఇంకా బొగ్గు ఉంది, లోపల సోఫాలో నిర్మలాదేవి కూర్చుని ఉంది, ఎవలు అనసూర్యా అంది, గిర్నీ మనిషక్కా, పిండి తెచ్చిండు అన్నాను, ఎంత తేలిగ్గా అన్నాను, నోరు తడబడను కూడా లేదు, వాడు విన్నాడు, ముఖం మార్చలేదు, సంచి గడప లోపల పెట్టి, పోయొస్తమ్మా అన్నాడు, అక్కా అనలేదు, అమ్మా అన్నాడు, కోపంతో అంటే బాగుండేది, నా మాట నిలబెట్టడానికి అన్నాడు, నేను తలుపు వేసుకుని లోపలికి వచ్చి నిర్మలాదేవికి చాయ్ పోశాను, ఆనాటి నుంచే ఈ మొద్దుతనం.

సైరన్, ఇప్పుడు టైమెంత, పదీ నలభై, ఇది షిఫ్టు మారే వేళ కాదు, ఆగుతుంది, ఆగలేదు, ఇంకా మోగుతోంది, ఆగకుండా మోగితే బాయిలో ఏం జరిగినట్టో బెల్లంపల్లిలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు, చంద్రవ్వ చేతిలో రొట్టె అట్లాగే పళ్లెంలో పడేసింది, అమ్మా, మా ఆయన ఉన్నడు అంది, నా ముఖం ఎందుకో ఒక్క క్షణం చూసింది, చెప్పుల్లేకుండా వెనక తలుపులోంచి పరుగెత్తింది, నేను పెనం ముందుకు జరిగి కాలే రొట్టెను తిప్పాను, చిన్నప్పుడు మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఇట్లాగే పరుగెత్తింది, పొయ్యి మీద అన్నం అట్లాగే వదిలి, చంకలో దశరథం, వెనక నేను, ఆ వీధి వీధంతా ఆడవాళ్లే బాయి దిక్కు పరుగెత్తారు, ఆ రోజు బాపు బయటికి వచ్చాడు, అవ్వ బాపును నోటికొచ్చినట్టు తిట్టింది, తిడుతూనే ఏడ్చింది, నా కాళ్లు కూడా ఇప్పుడు పరుగెత్తాలి కదా, చూసుకున్నాను, నేల మీదే ఉన్నాయి, రొట్టె పొంగింది, తీసి నెయ్యి రాశాను.

హాల్లో నిర్మలాదేవి కిటికీ వేయమంటోంది, సైరన్‌లో మాట వినబడడం లేదట, పాపం ఎవలకేమైందో, మనోళ్లు ఆఫీసులనే ఉన్నరు తియ్యి, మనకు ఫికర్ లేదు అంది, చంద్రవ్వ ఏది అంటే దాని మొగడు బాయిల ఉన్నడక్కా, ఉరికింది అన్నాను, అయ్యో, పనంత నీ మీదనే వడ్డది అంది, ఫోను ఆ హాల్లోనే ఉంది, వాళ్లిద్దరి నడుమ, చిన్న బల్ల మీద, తీసి జైపాల్‌రావుకు చేయవచ్చు, చేసి ఏమని అడగాలి, మా తమ్ముడు అనాలి, ఆ మాట వాళ్ల ముందు అనాలి, ఏ తమ్ముడు అంటారు, మంగళవారం పిండి తెచ్చినవాడు అని చెప్పాలి, ఫోను పక్కనుంచే రాజ్మా గిన్నె పట్టుకుపోయాను, వడ్డించాను, నిర్మలాదేవి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని గిది మన మక్కరొట్టెనే గద అంటుందనుకున్నాను, అనలేదు, మెక్సికోల గిట్ల తింటరా, మస్తున్నది అంది, లీలాబాయి టోపీ తీయకుండానే తింటోంది, జర ఒక ఫొటో తియ్యి అనసూర్యా అంది, తీశాను, ఇంకో రొట్టె వేయనా అక్కా అన్నాను, సైరన్ ఎప్పుడు ఆగిందో తెలియలేదు, ఆగిన తర్వాత కూడా చెవిలో ఉంది, నువ్వు తినవేంది అంటే తిన్నాను, ఉప్పు ఉందో లేదో తెలియలేదు, గడియారం చూడకూడదనుకుంటూ చూస్తున్నాను, పదకొండూ ఐదు, పదకొండూ ఇరవై, దశరథం రెండుసార్లు పట్టించిన పిండి, నిజంగానే మెత్తగా ఉంది.

ఫోను మోగింది, లీలాబాయి ఎత్తబోతే నేను అందుకున్నాను, జైపాల్‌రావే, రొప్పుతున్నాడు, అనసూర్యా, దశరథం బయటికొచ్చిండు, నా కండ్లతోని చూసిన, నువ్వు పరేషాన్ గాకు అన్నాడు, హలో అనకముందే ఆ మాట చెప్పాడు, మంచివాడు, సరే అన్నాను, బండ కూలింది, ఒకాయన పోయిండు, వెంకటి అట, మన చంద్రవ్వ మొగడేనా అన్నాడు, అవును అన్నాను, ఆమెకు నిమ్మళంగ చెప్పు అన్నాడు, ఇంట్ల లేదు, అక్కడికే వచ్చింది అన్నాను, అవతల ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది, మాటలు కావు, ఒట్టి గొంతు, జైపాల్‌రావు ఫోను పెట్టేశాడు, ఎవలు అంది నిర్మలాదేవి, మా ఆయనక్కా, తినడానికి రాడట అన్నాను, మళ్లీ తేలిగ్గానే అన్నాను, కుర్చీలో కూర్చున్నాను, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి లోపల ఏదో కదిలింది, బరువు దిగినట్టు హాయిగా ఉంది, తమ్ముడు బతికాడు కదా, ఎవరికైనా హాయిగానే ఉంటుంది అనుకున్నాను, అనుకుని అక్కడితో ఆగితే బాగుండేది, ఆగలేదు, బయటికొచ్చిండు అని ఆయన అన్నప్పుడు వాడి ముఖం నా కళ్ల ముందుకు రాలేదు, వచ్చింది వీళ్లిద్దరి ముఖాలు, వాడు పోయి ఉంటే నేను బాయి దగ్గర అందరి ముందు వాడి మీద పడి ఏడవాల్సి వచ్చేది, వీళ్లు చూసేవాళ్లు, అడిగేవాళ్లు, ఇక చూడరు, అడగరు, ఆ హాయి దానికే, సైరన్ మోగినప్పటి నుంచి ఇప్పటి దాకా నేను మొక్కుకున్నది వాడు బతకాలని కాదు, వాడు నా తమ్ముడని ఎవరికీ తెలియకూడదని.